అరచేతి లెక్క

ఒక్క కుర్చీ జరపడానికే పావుగంట పట్టింది. పిన్నిని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టారు. దుబాసీకి వేసిన కుర్చీ సరిగ్గా ఆ కిటికీ ముందే ఉంది. అక్కడ కూర్చుంటే వెలుతురంతా వెనకనుంచి కొట్టి ఆమె చేతులు నల్లగా కనిపిస్తాయి తప్ప వేళ్ళు తెలియవు. వినపడని మనిషికి వేళ్ళు కూడా కనపడకపోతే ఇక విచారణేమిటి, మొక్కుబడి కాకపోతే. ఆ మాటే కాస్త మర్యాదగా చెప్పింది దుబాసీ.

విచారణ అధికారి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "కుర్చీ ఎటుంటే ఏముందమ్మా. ఆవిడకి చెవులే కదా లేనివి, కళ్ళు బాగానే ఉన్నాయి. కాబట్టి మొదలుపెడదాం."

ప్రతి మాటకీ కాబట్టి అనడం ఆయనకి అలవాటు. ముందు మాటకీ వెనక మాటకీ చుట్టరికం ఉన్నా లేకపోయినా మధ్యలో కాబట్టి పడాల్సిందే. ఆస్పత్రి అటెండర్లు చాటుగా ఆయన్ని కాబట్టిగారు అంటారు. దుబాసీకి పేరు పెట్టిందీ వాళ్ళే. మాటల్ని సైగల్లోకీ సైగల్ని మాటల్లోకీ మార్చే మనిషిని ఏమని పిలవాలో తెలీక దుబాసీ అన్నారు, అదే ఖాయమైపోయింది. ఆమె కూడా ఏమీ అనుకోలేదు. ఎవరితో వాదించి కాదనాలి, అందరి వాదనలూ మొయ్యడమే తన పనైనప్పుడు.

కుర్చీని తనే ఎత్తి గోడ పక్కన పెట్టుకుని కూర్చుంది. ఉంగరం తీసి సంచిలో వేసుకుంది, చూపు వేళ్ళని వదిలి దాని మీదకి పోకుండా.

సంగతి చిన్నదేం కాదు. పిల్లల వార్డులో ఎనిమిది మంది పసివాళ్ళకి ఒంటిమీద పుండ్లు లేచాయి. చద్దర్ల వల్లే అని ఆస్పత్రివాళ్ళు అనుకున్నారు. చద్దర్లు ఉతికేది పిన్ని. శనివారమే ఆవిణ్ణి మెషిన్ దగ్గర్నుంచి తప్పించారు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగమూ, ఆస్పత్రి వెనక ఉండమని ఇచ్చిన ఒంటిగదీ, రెండూ ఉంటాయో ఊడతాయో ఈ వారంలో తేలిపోవాలి.

పిన్ని అంటే సొంత పిన్ని కాదు. దుబాసీ తల్లికీ వినపడేది కాదు. ఆమె, పిన్ని ఒకే బల్లకి అటొకరూ ఇటొకరూ నిలబడి ఏళ్ళ తరబడి చద్దర్లు మడతపెట్టారు. ఈ సంగతి దుబాసీ ముందే చెప్పింది, తెలిసినవాళ్ళ కేసుకి వేరేవాళ్ళని పిలిస్తే మంచిదని కూడా చెప్పింది. "సైగలు తెలిసింది మీరొక్కరే. ఇంకెవర్ని పుట్టించమంటారు?" అన్నారు.

లాండ్రీ సూపర్‌వైజరు లేచి చేతులు కట్టుకున్నాడు. చెడ్డవాడేం కాదు. ఎవరైనా గట్టిగా అడిగితే మాత్రం ముందు తన చొక్కా దులుపుకునే రకం.

"అయ్యా, ఈమె పెద్ద మెషిన్ మీదికొచ్చింది పోయిన నెల మొదటి వారం. పుండ్లు మొదలైంది రెండో వారం. అంతకుముందు ఒక్కటంటే ఒక్కటి లేదు. ఈమె వచ్చిన తర్వాతే అన్నీ."

"కాబట్టి," అన్నాడు అధికారి టైపిస్టు వైపు తిరిగి. అంతే. ఆ తర్వాత ఏమీ అనలేదు, అనాల్సింది ఇంకేమీ లేనట్టు.

దుబాసీ చేతులు లేచాయి. చిన్నప్పటినుంచీ వాటికొక అలవాటుంది. ఏదైనా దేనివల్ల జరిగిందో అమ్మకి చెప్పాలంటే ఎలా జరిగిందో మొత్తం చూపించాలి. పాలు పొంగాయి, నాన్న అరిచాడు అని ఊరుకుంటే అమ్మ ఒప్పుకునేది కాదు. మధ్యలోది ఏది, మధ్యలోది చూపించు అనేది. ఆ అలవాటు కొద్దీ చేతులు వాటంతటవే పోయాయి. చద్దరు. మురికి. కంటికి కనపడని పురుగు, వేలి కొసమీద. పిన్ని చేతుల్లోంచి తడి చద్దరులోకి, చద్దరులోంచి పసిబిడ్డ తొడమీదికి. అక్కడ ఎర్రగా పుండు, బిడ్డ ఏడుపు.

చక్కగా వచ్చింది, ఎక్కడా తెగకుండా. అంత బాగా వచ్చినందుకు లోలోపల కొంచెం తృప్తి కూడా కలిగింది దుబాసీకి. అది దాచుకోవాల్సిన పనేం లేదు, పని బాగా కుదిరితే ఎవరికైనా అంతే.

పిన్ని ఆ చేతుల్నే చూసింది. తర్వాత తన చేతులు చూసుకుంది. ఇరవై రెండేళ్ళు సబ్బునీళ్ళలో నాని గోళ్ళ అంచులు తెల్లబడిపోయిన చేతులు. రెండూ బల్ల కిందికి దించేసుకుంది. వినపడని మనిషి చేతులు దించేసుకుందంటే నోరు మూసుకున్నట్టే. చాలాసేపటికి ఒక చెయ్యి పైకొచ్చింది.

"పిల్లలు ఎలా ఉన్నారు?"

దుబాసీ పైకి చెప్పింది. అధికారి విసుక్కున్నాడు. "అడిగినదానికి జవాబు చెప్పమనండి చాలు."

*

మంగళవారం పిన్ని వంతు. అధికారి అడిగాడు, "నీళ్ళు సరిగ్గా కాగకపోతే ఆ మెషిన్‌కి గంట మోగుతుంది. నీకు వినపడదు. కాగలేదని నీకెలా తెలుస్తుంది?"

గంట మోగినప్పుడు ఎర్ర బల్బు కూడా వెలగాలి. తను ఈ మెషిన్ మీదికి రాకముందే, ఏడాది కిందట అది మాడిపోయింది. మార్చమని ఎన్నిసార్లు చూపించినా మార్చినవాళ్ళు లేరు. అది చెప్పి, పిన్ని లేచింది. నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళి, అదే మెషిన్ తలుపన్నట్టు గాజు మీద కుడి అరచెయ్యి ఆనించింది. ఎడమ చేత్తో లెక్క చూపించింది.

"ఒకటి, రెండు, మూడు. మూడు అనేసరికి చెయ్యి లాగేసుకోవాలి. అంత కాలాలి. నాలుగైదు దాకా ఆపగలిగితే నీళ్ళు కాగలేదన్నమాట. గంటకన్నా నా చెయ్యి ముందు చెప్తుంది. పోయిన నెలంతా ఏడు దాకా ఆగింది."

"అప్పుడేం చేశావు?"

"మళ్ళీ ఉతికాను. మళ్ళీ ఏడే. మెషిన్‌లో ఏం లేదు, దాంట్లోకి వచ్చే నీళ్ళే కాగట్లేదు. ఆయన్ని చొక్కా పట్టుకుని తీసుకొచ్చి, ఆయన చెయ్యి కూడా గాజు మీద పెట్టించాను."

సూపర్‌వైజరు ముఖం అదోలా పెట్టాడు. "చొక్కా లాగిన మాట నిజమే సార్. చెయ్యి పెట్టించింది, బొటనవేలు ఎత్తి బాగుందన్నాను. ఏదో సరదాకి అనుకున్నా."

టైపిస్టు కిసుక్కున నవ్వింది. అధికారి కూడా నవ్వాడు. ఆ నవ్వు ఎందుకో పిన్నికి చెప్పాలి కదా. దుబాసీ అదీ చూపించింది. చూపించకుండా ఉండే హక్కు ఆమెకి లేదు.

"బాయిలర్ సరిగ్గా లేదని ఎక్కడన్నా కాగితం ఉందా? లేదు. ఉంటే ఈపాటికి నా ముందుండేది. కాబట్టి బాయిలర్ బాగానే ఉంది," అన్నాడు అధికారి. "ఇక తప్పు మెషిన్‌దన్నా అవ్వాలి, మనిషిదన్నా అవ్వాలి. మెషిన్‌ని తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇచ్చారు. కాబట్టి..."

దుబాసీ చేతులు గాల్లోనే ఆగాయి. ఇన్నేళ్ళలో ఎన్ని గదుల్లో ఎంతమంది పెద్దమనుషుల మాటలు మోసిందో ఆమెకే గుర్తులేదు. చెవితో వింటే నున్నగా జారిపోయే మాట చేతుల్లోకి వచ్చేసరికి ఎక్కడ విరిగిందో తెలిసిపోతుంది. ఇలాంటివాటికి తన మటుకు తను పేర్లు కూడా పెట్టుకుంది. ఇది రెండు తలుపుల మాట. మూడో తలుపుకి ముందే తాళం వేసేసి, రెంట్లో ఏదో ఒకటి ఎంచుకో అనడం. కాగితం లేదు కాబట్టి తప్పు లేదనడం ఇంకోటి. పేర్లు పెట్టుకుని ఏం లాభం, పైకి అనకూడదు. అన్నది అన్నట్టు దాటించడమే పని. దాటించింది.

పిన్ని గబగబా చూపించింది. "బాయిలర్ సంగతేంటి? నీళ్ళొచ్చేది అక్కణ్ణుంచే కదా?"

"అంటే ఏమంటావు? ఈ ఆస్పత్రి ఇంజనీర్లందరూ అబద్ధాలకోరులంటావా?"

పిన్నికి ఆ ప్రశ్న ఎక్కడినుంచి ఊడిపడిందో అర్థం కాలేదు. దుబాసీని రెండోసారి చూపించమంది. చూసి, నెమ్మదిగా ఏడు వేళ్ళు ఎత్తింది. "నేను ఏడు అన్నాను. అంతే అన్నాను."

అప్పటిదాకా మూల కూర్చున్న యూనియన్ నాయకుడు లేచాడు. పిన్ని తరఫున మాట్లాడ్డానికే వచ్చాడు పాపం. గొంతు కూడా నిజంగానే పూడుకుపోయింది. "అయ్యా, వెనకా ముందూ ఎవరూ లేని మనిషి. దేవుడు చెవులివ్వలేదు. మనలాంటివాళ్ళకే పొరపాట్లు జరుగుతుంటే ఈవిడకి జరగడంలో వింతేముంది? కాస్త దయతలచండి."

ఇంకేముంది. ఒక్క జాలిమాటతో అరచెయ్యి, ఏడు అంకెలు, చొక్కా లాగడం, అన్నీ కొట్టుకుపోయాయి. అధికారి మొదటిసారి హాయిగా తలూపి, "పొరపాటు జరిగి ఉండొచ్చని ఉద్యోగి తరఫువారే అంటున్నారు, రాసుకో" అని టైపిస్టుకి చెప్పాడు.

సాయంత్రం ఇంటికి పోతే మొగుడు ముందుగదిలో కుట్టుమెషిన్ మీద ఉన్నాడు. ఎవరిదో ప్యాంటు అంచు మడుస్తున్నాడు. అత్తగారితో మాట్లాడ్డానికని పెళ్ళైన కొత్తలో సైగలు నేర్చుకున్న మనిషి. ఇప్పటికీ ఇంట్లో కోపమొస్తే ఇద్దరూ సైగల్లోనే పోట్లాడుకుంటారు, పక్కింటివాళ్ళకి వినపడకుండా. దుబాసీ చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. రెండు రోజులుగా లోపల ఏదో గుచ్చుకుంటోంది, అదేంటో తెలియట్లేదు. సోమవారం నుంచి చేసినదంతా ఆయనకి చేసి చూపించడం మొదలుపెట్టింది.

ఆయన పాదం ఆపాడు. "ఓహో. ఆమె చేతుల్నుంచి చద్దరుకీ, చద్దర్నుంచి పిల్లాడికీ పాకిందన్నమాట. డాక్టర్లు పరీక్ష చేసి తేల్చారా?"

"పరీక్షేంటి? ఎవరూ ఏ పరీక్షా చెయ్యలేదు."

"మరి పురుగు పాకిందని ఎవరన్నారు?"

"ఎవరూ అన్లేదు."

"ఇప్పుడు నువ్వే కదా చూపించావు?"

దుబాసీ చేతులు ఒళ్ళో పడిపోయాయి. సూపర్‌వైజరు అన్నది రెండే ముక్కలు. ఈమె వచ్చింది, తర్వాత పుండ్లొచ్చాయి. ఆ రెంటి మధ్యా ఏమీ లేదు. వట్టి 'తర్వాత' అనే మాట. ఆ ఖాళీలో పురుగునీ తడి చద్దర్నీ బిడ్డ తొడనీ పెట్టి, నమ్మేలా అల్లింది తనే. మిగతావాళ్ళ మాటలెక్కడ విరిగాయో వెతుక్కుంటూ కూర్చుంది గానీ, ఆ గదిలో ఎక్కడా విరగని వాదన ఒక్కటే ఒక్కటుంది, అది తన చేతులు చేసింది.

"పిన్ని అది చూసి చేతులు దించేసుకుంది," అంది.

"ఊరుకో. నువ్వు కాకపోతే ఇంకొకరు వచ్చి అదే చూపించేవాళ్ళు."

"ఇంకొకరు చేసేవాళ్ళే అయినంత మాత్రాన నేను చేసింది నాది కాకుండా పోతుందా?"

ఆయన దారం పంటితో తెంపి, ప్యాంటు తిరగేసి, అంచు సమంగా వచ్చిందో లేదో చూసుకున్నాడు.

*

బుధవారం విచారణ లేదు. దుబాసీ తిన్నగా లాండ్రీకి వెళ్ళింది. తలుపు తీయగానే ఆవిరి ముఖాన కొట్టింది. పెద్ద మెషిన్ దగ్గర కొత్తగా వేసిన అమ్మాయి చద్దర్లు కుప్పలు కుప్పలుగా లోపలికి తోస్తోంది. ఎర్ర బల్బు కొత్తది వేశారు. వెలగకపోయినా తళతళలాడుతోంది. ఏడాదిపాటు లేనిది నాలుగు రోజుల్లో వచ్చింది.

మెషిన్ తిరుగుతున్నప్పుడు దగ్గరికెళ్ళి తలుపు గాజు మీద అరచెయ్యి ఆనించింది. ఒకటి. రెండు అనేలోపే లాగేసుకుంది. చెయ్యి ఎర్రగా కందిపోయింది.

బాయిలర్ ఆపరేటరు వెనక షెడ్డులో మెషిన్ తుడిచే గుడ్డతో మెడ తుడుచుకుంటున్నాడు. దుబాసీ తన చెయ్యి చూపించింది. "నీళ్ళు ఇప్పుడు బాగా కాగుతున్నాయే."

"ఆదివారం పెంచమన్నారు అక్కా."

"తగ్గించమంది ఎప్పుడు?"

అతను అటూ ఇటూ చూశాడు. "పోయిన నెల. ఆయిల్ ఎక్కువ కాలుతోందని పైనుంచి ఫోనొచ్చింది. ఇదిగో, ఈ ముల్లు ఇక్కడ ఉండాల్సింది ఇక్కడికి దించాను." వేలితో చూపించాడు. "నా పేరెక్కడా అనకు. ఇద్దరు పిల్లలున్నారు నాకు."

"కాగితమేమన్నా ఇచ్చారా?"

"ఫోన్లో చెప్పే పనులకి కాగితాలెక్కడుంటాయి అక్కా. కాగితం ఇష్టం లేకే కదా ఫోను."

అక్కణ్ణుంచి పిల్లల వార్డు వైపు వెళ్ళింది. గుమ్మం దగ్గర నర్సు సోమవారం నుంచి కొత్త పుండ్లు లేవని చెప్పింది. మెట్లు దిగుతుంటే దుబాసీకి గుండె తేలికైనట్టే అయింది. బాయిలర్ దించారు, పుండ్లొచ్చాయి. బాయిలర్ పెంచారు, పుండ్లు ఆగాయి. ఇంకా ఏం కావాలి? కింద మెట్టు మీద ఆగిపోయింది. ఇదీ 'తర్వాత' మాటే కదా. ఏ చద్దర్నీ ఎవరూ పరీక్షకి పంపలేదు. పంపాల్సిన చద్దర్లు ఎప్పుడో మరిగిన నీళ్ళలో ఉతికేశారు. అయినా సరే, ఇది చెప్పాలి, కనీసం పరీక్ష చేయించండని అడగాలి అనుకుంది.

పిన్ని గదికి వెళ్తే తాళం వేసుంది. పక్కగది ఆవిడ చెప్పింది, "పొద్దున్నే యూనియన్ ఆయన వచ్చి తీసుకెళ్ళాడు. ఏదో కాగితం పని అంట."

*

గురువారం పిన్ని ముందే వచ్చి కూర్చుంది. దుబాసీ కుర్చీ కూడా తనే గోడ పక్కకి జరిపి పెట్టింది, ఆమెకి శ్రమ లేకుండా. ఒళ్ళో నాలుగు మడతల కాగితం.

దుబాసీ కూర్చోలేదు. "అయ్యా, నేను ఒక మాట చెప్పాలి. నా మాట."

"దుబాసీకి సొంత మాటెందుకమ్మా?" అన్నాడు అధికారి. అయినా గడియారం చూసి, "రెండు నిమిషాలు" అన్నాడు.

చెప్పింది. సోమవారం సూపర్‌వైజరు అనని దాన్ని తను కలిపానని, మురికీ పురుగూ తన కల్పనేనని, అది పిన్నికి ఎవరో తేల్చి చెప్పిన నిజంలా చేరిందని చెప్పింది. ఇన్నేళ్ళ పనిలో అలా చెప్పుకోవడం అదే మొదలు.

అధికారి శ్రద్ధగా విన్నాడు. మూర్ఖుడేం కాదు ఆయన. "అయితే ఒకరు అనని మాట మీరు కలుపుతారన్నమాట."

"ఆ ఒక్కసారి కలిపాను."

"మంగళవారం ఆవిడ చేతులూపినప్పుడు మీరు మాకు చెప్పినదాంట్లో ఏం కలిపారో మాకెలా తెలుస్తుంది? అరచెయ్యి, ఏడు అంకెలు, ఇవన్నీ మీ నోటినుంచి విన్నవే కదా. కాబట్టి ఆ భాగం రికార్డులోంచి తీసేస్తున్నాను."

పిన్నికి ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ దుబాసీ నిజాయితీయే మింగేసింది. ఒకసారి తప్పింది కాబట్టి ప్రతిసారీ తప్పే. దీనికీ తన దగ్గర ఒక పేరుంది, ఏం చేసుకోను దాన్ని అనుకుంది. ఆఖరి మాట అంది. "ఆదివారం బాయిలర్ పెంచారు. నేనే మెషిన్ మీద చెయ్యి పెట్టి చూశాను, రెండు దాకా కూడా ఆగలేదు. ఆ తర్వాత వార్డులో కొత్త పుండ్లు లేవు. పరీక్ష చేయించండి."

"ఎవరు పెంచారు?"

ఆమె చెప్పలేదు. బాయిలర్ ఆపరేటరు తనకి ఇద్దరు పిల్లలున్నారన్నాడు.

అధికారి నిట్టూర్చి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "చూడమ్మా. ఒకటి జరిగిన తర్వాత ఇంకోటి జరిగినంత మాత్రాన, మొదటిదాని వల్లే రెండోది జరిగిందని ఎలా అంటారు? వాన పడ్డ తర్వాత కరెంటు బిల్లొస్తుంది. వాన తెచ్చినట్టా? చదువుకున్నవాళ్ళు, మీరే ఇలా మాట్లాడితే ఎలా?"

ఒక్క అక్షరం తప్పు లేదు అందులో. అంత స్పష్టంగా దుబాసీ కూడా చెప్పలేదేమో.

పిన్ని బల్ల మీద రెండుసార్లు తట్టింది. ఇంతసేపూ నోళ్ళు కదలడమే చూస్తూ కూర్చుంది. "ఏంటి? నా గురించేనా?"

దుబాసీ ఆమెకెదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "పిన్నీ, సోమవారం నేను చూపించింది వాళ్ళు అనలేదు. నువ్వు వచ్చావు, పుండ్లొచ్చాయి, అంతే అన్నారు. మధ్యలోదంతా నేనే అల్లాను."

పిన్ని ఆలోచించింది. "వాళ్ళు అనకపోతే ఏం? నువ్వు చూపించింది అబద్ధమా?"

"అబద్ధమో నిజమో నాకు తెలీదు. ఎవరికీ తెలీదు."

"తెలీనిది నువ్వు అంత బాగా చూపించవు." పిన్ని వేళ్ళు నెమ్మదిగా, ఓపిగ్గా కదిలాయి. "వాళ్ళన్న మాటల్లో ఒక్కటి కూడా నాకు నమ్మకం కుదరలేదు తల్లీ. మెషిన్ అన్నారు, కాగితం అన్నారు, ఇంజనీర్లన్నారు. అవేవీ మాటలా? నువ్వు చూపించింది ఒక్కటే కుదిరింది. కళ్ళతో చూశాను కదా. నా చేతుల్లోంచి పోవడం, బిడ్డ కాలి మీదికి పాకడం. మీ అమ్మ నేర్పిన చేతులు నీవి. ఆవిడెప్పుడూ మధ్యలోది వదిలేది కాదు."

"పిన్నీ, నీ చెయ్యి ఏడు అంది. నేనూ పెట్టి చూశాను. ఇప్పుడు రెండుకే కాలుతోంది. బాయిలరే తగ్గించారు."

"ఇప్పుడు కాలుతోందంటే బాగానే ఉందన్నమాట. అప్పుడూ బాగానే ఉందేమో. నా చర్మమే మొద్దుబారిందేమో. ఇరవై రెండేళ్ళు సబ్బులో ఉన్న చెయ్యి." కుడి అరచేతిని ఎడమ బొటనవేలితో నొక్కి చూసుకుంది. "పసిపిల్లలు. ఎనిమిది మంది."

కాగితం విప్పి, బల్ల మీద చదును చేసి, అధికారి వైపు తోసింది. కింద తన పేరు, నేర్చుకున్నట్టే పెద్ద పెద్ద అక్షరాల్లో. యూనియన్ నాయకుడు రాయించినదే. ఒప్పుకుంటే పెద్దలు కరుణిస్తారని అతని నమ్మకం. సంతకానికి మాత్రం ఎవరూ బలవంతం చెయ్యలేదు.

"ఏమంటోంది?" అన్నాడు అధికారి.

పని పనే. అన్నది అన్నట్టు దాటించాలి. "ఒప్పుకుంటోంది," అంది దుబాసీ.

రాతపూర్వకంగా ఉంది కాబట్టి దానికి దుబాసీతో పనిలేదనీ, అది చెల్లుతుందనీ ఆయన టైపిస్టుకి చెప్పాడు.

*

శనివారం ఆర్డరు చదివారు. ఉద్యోగం తీసేశారు. గది పదిరోజుల్లో ఖాళీ చెయ్యాలి. యూనియన్ నాయకుడు కళ్ళు తుడుచుకుని, వారంలో ఖాళీ చెయ్యమనబోతే పది రోజులు చేయించింది తనేనని దుబాసీ చెవిలో చెప్పాడు. అధికారి ఆఖరి పేరా కాస్త గొంతు పెంచి చదివాడు. అది తను సొంతంగా రాసినట్టుంది.

"సదరు ఉద్యోగిని యంత్రం నుంచి తప్పించిన తర్వాత, పిల్లల వార్డులో ఒక్క కొత్త కేసు కూడా రాలేదు. కాబట్టి ఈ విచారణ సరైన నిర్ణయానికే వచ్చిందని రుజువవుతోంది."

దుబాసీ ఆయన ముఖంలోకి చూసింది. గురువారం ఆయనే చెప్పిన వానా కరెంటు బిల్లూ గుర్తొచ్చిన జాడేమన్నా ఉందేమోనని. ఏమీ లేదు. మనసారా నమ్మి చదువుతున్నాడు. దొంగ అయినా బాగుండేది అనిపించింది ఆమెకి. దొంగతో పోట్లాడొచ్చు.

చేతులెత్తింది. ఈసారి ఒక్క నూలుపోగు కూడా కలపకూడదు. నువ్వు మెషిన్ దగ్గర్నుంచి వెళ్ళావు. చేతులు దించి బల్ల మీద పెట్టింది. ఊపిరి తీసుకునేంతసేపు అలాగే ఉంచింది. మళ్ళీ ఎత్తి, దూరంగా, ఇంకోవైపున చూపించింది. పిల్లలకి కొత్తగా పుండ్లు లేవు. మళ్ళీ దించేసింది. మధ్యలో ఏమీ పెట్టలేదు. ఖాళీని ఖాళీగానే వదిలింది, చూడు పిన్నీ, ఏమీ లేదు చూడు అని మనసులో బతిమాలుకుంటూ.

పిన్ని ఆ ఖాళీ వైపు కాసేపు చూసింది. తర్వాత తన చేతులు పైకి తెచ్చింది. మధ్యలోది తనే చూపించింది. చద్దరు, వేలి కొసన పురుగు, తన చేతుల్లోంచి చద్దరులోకి, చద్దరులోంచి బిడ్డ తొడమీదికి. సోమవారం దుబాసీ చేసినట్టే, ఒక్క వంపు కూడా తేడా లేకుండా. ఆఖర్న ఆ పురుగుని వేళ్ళతో చిదిమేసింది.

"తగ్గిందా పిల్లలకి? మంచిదైంది," అంది. ముఖంలో నిజంగానే భారం దిగింది. "అయితే నేనే."

అధికారి ఫైలు మూసి, "ఏమంటోంది?" అన్నాడు.

"పిల్లలకి తగ్గినందుకు సంతోషంగా ఉందంటోంది," అంది దుబాసీ. ఆ ఆఖరి మాట దాటించలేదు. ఇరవై ఏళ్ళలో అన్న మాట మింగేయడం అదే మొదలు. మింగినా ఎవరికీ ఏమీ తేడా పడలేదు.

గేటు బయట టీ కొట్టు దగ్గర ఇద్దరూ బల్లమీద కూర్చున్నారు. గదిలో సామాను ఎంతుంది, ఎక్కడికి మార్చాలి అని దుబాసీ అడుగుతోంది. మా ఇంట్లో ముందుగది ఉంది, కుట్టుమెషిన్ పక్కకి జరిపితే మంచం పడుతుంది అంది. పిన్ని తల అడ్డంగా ఊపింది, మొగుణ్ణి కదిలించొద్దంది, చూద్దాంలే అంది. పెద్దగా ఏమీ అనుకోనట్టే ఉంది. ఆ అనుకోకపోవడమే దుబాసీ చూడలేకపోయింది. ఏడిస్తే బాగుండు, తిడితే ఇంకా బాగుండు.

టీ వచ్చింది. పొగలు కక్కుతున్న గాజు గ్లాసులు. దుబాసీ తనది అంచు పట్టుకుని తీసుకుని వెంటనే బల్లమీద పెట్టేసింది. పిన్ని తన గ్లాసుని కుడి అరచేతిలో ఇముడ్చుకుంది. అలవాటు కొద్దీ దుబాసీకి లోపల లెక్క మొదలైంది. ఒకటి. రెండు. మూడు. పిన్ని చెయ్యి తియ్యలేదు. నాలుగు. అయిదు. అరచేతి అంచు ఎర్రబడుతోంది. పిన్ని గ్లాసు వైపు కాదు, తన చేతి వైపు చూసుకుంటోంది, అదేదో పరాయివాళ్ళ చెయ్యి అన్నట్టు. ఏడు దాటింది.

అప్పుడు గ్లాసు కింద పెట్టి, దుబాసీ వైపు తిరిగింది.

"ఇది కాగిందా?"

దుబాసీ ఆ గ్లాసుని చేత్తో ముట్టుకుంది. చుర్రున కాలింది.

"కాగింది," అని చూపించింది.

పిన్ని నమ్మింది. ఊదుకుంటూ, కొంచెం కొంచెంగా తాగింది.